పద్నాలుగో లెక్క

జూన్ 3

నాణెం ఎగరేశాం. రక్తపరీక్షకి అన్నయ్యా నేనూ ఎవరు మొదట వెళ్లాలో తేలలేదు. ఇద్దరూ ఒకేసారి వద్దు, ఇంట్లో ఒకళ్లయినా ధైర్యంగా తిరుగుతుండాలి అంది అమ్మ. సరేనని, చిన్నప్పుడు బస్సులో కిటికీ పక్క సీటు కోసం ఎగరేసినట్టే, అన్నయ్య దుకాణంలో గుడ్డ కత్తిరించే బల్ల దగ్గర ఎగరేశాం. బొమ్మ పడితే నేను ముందు. బొరుసు పడితే అన్నయ్య.

మొదటిసారి నాణెం అన్నయ్య బొటనవేలి మీంచి జారి బల్ల కింద పీలికల్లో పడింది. వంగి తనే తీశాడు. "ఇది లెక్కలోకి రాదు, చెయ్యి జారింది," అన్నాడు. రెండోసారీ జారింది, అదీ లెక్కలోకి రాలేదు. మూడోసారి నాణెం లాక్కుని నేనే ఎగరేశాను. బొరుసు.

"చూశావా పొట్టీ, నీ చేత్తో నువ్వే నన్ను ఇరికించావు," అని నవ్వాడు. నలభై మూడేళ్ల కటింగ్ మాస్టరు. సుద్దతో గీత గీస్తే స్కేలు పెట్టి గీశాడా అనుకునేవాళ్లు. ఈ మధ్య మూడు కోటు గుడ్డలు వరసగా పాడు చేశాడు. కళ్లద్దాలు మార్చాలి అంటాడు. నేనూ అద్దాల వల్లే అనుకుంటున్నాను.

ఒక్కసారి ఉన్నదున్నట్టు ఇక్కడ రాసుకుంటాను, మళ్లీ రాయను. తాత జబ్బు. ముందు చేతుల్లోంచి వస్తువులు జారతాయి. తరవాత కాళ్లూ చేతులూ వాటికి తోచినట్టు అవి ఆడతాయి. చివరికి మనిషికి మనుషులు గుర్తుండరు. మందు లేదు. కన్నవాళ్లలో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకీ సగం అవకాశం. వాళ్లకి లేకపోతే పిల్లలకి రానే రాదు. తాతకి ఉండేది. నాన్నకి ఉందో లేదో తెలియదు, బయటపడే వయసు రాకముందే ముప్పై మూడేళ్లకి నిచ్చెన మీంచి పడి పోయాడు. కాబట్టి నాన్నకి సగం. సగంలో సగం పావు. అన్నయ్యకి పావు, నాకు పావు. అంటే నాలుగింట మూడు వంతులు మంచివైపే ఉన్నాయి. నాలుగింట మూడంటే మాటలు కాదు.

జూన్ 5

ఆఫీసుకి ఉత్తరం వచ్చింది. నా జవాబు తప్పట.

పదిహేనేళ్లుగా ఈ ముద్రణాలయంలో నా పని ఒక్కటే. లెక్కల అభ్యాసపుస్తకాల్లో ప్రతి లెక్కా నేను చేసి, వెనక పేజీల్లో జవాబు వేస్తాను. ఇక్కడ నన్ను జవాబులమ్మ అంటారు. అచ్చుతప్పుల మీద ఉత్తరాలు వచ్చాయి, అవి నావి కావు. జవాబు మీద రావడం ఇదే మొదలు. రాసినవాడు ఎవరో రిటైరయిన మాస్టారు.

సంభావ్యత పాఠంలో పద్నాలుగో లెక్క. సంచిలో రెండు నాణేలున్నాయి. ఒకటి మామూలుది. రెండోదానికి రెండువైపులా బొమ్మే. చూడకుండా ఒకటి తీసి ఎగరేస్తే బొమ్మ పడింది. అదే నాణేన్ని మళ్లీ ఎగరేస్తే బొమ్మ పడే అవకాశం ఎంత? నేను ముప్పావు అని వేశాను. మామూలుదైతే సగం, దొంగదైతే పూర్తి, రెండింటికీ నడిమిది ముప్పావు. మొదట ఏం పడిందన్నది రెండోసారికి అనవసరం. నాణేనికి జ్ఞాపకం ఉండదు. ఈ పాఠంలో పిల్లలకి నేర్పే మొట్టమొదటి మాటే అది.

మాస్టారు గుండ్రటి అక్షరాలతో ఇలా రాశాడు: "నాణేనికి జ్ఞాపకం లేదు, నిజమే. మనకుంది కదా. మొదటిసారి బొమ్మ పడిందంటే, చేతిలో ఉన్నది దొంగ నాణెమేమోనన్న అనుమానం పెరగాలా వద్దా? జవాబు ఆరింట అయిదు."

మాస్టారికి పొద్దు పోవడం లేదనుకుంటాను. పునర్ముద్రణకి ఇంకా రెండు నెలలుంది, నింపాదిగా జవాబు రాయమన్నాడు మేనేజరు. ఏం రాయాలి? నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

జూన్ 12

అన్నయ్య రక్తం ఇచ్చాడు. మూడు వారాలు ఆగాలట.

జూన్ 15

అమ్మకి ఒక సిద్ధాంతం ఉంది. "దేవుడు మరీ అంత కసాయివాడు కాడే. ఇద్దరి మీద చెయ్యేసినా ఒకళ్లని వదిలేస్తాడు."

"అలా ఉండదమ్మా. ఎవరి నాణెం వాళ్లది. ఒకరికి బొరుసు పడితే ఇంకొకరికి బొమ్మ పడి తీరాలని ఎక్కడా లేదు," అన్నాను. పంతులమ్మలాగా చక్కగా చెప్పాను. లోపల మాత్రం, అన్నయ్యకి ఉంటే నేను బయటపడ్డట్టే కదా అనిపించింది. అనిపించినందుకు చెంపలు వాయించుకోవాలి.

జూన్ 21

ఈ ఎర్ర పెన్నులు బొత్తిగా బాలేవు. టిక్కు పెడితే తోక ఎటో పోతోంది. పాత కంపెనీవే తెప్పించమన్నాను. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది," అన్నాడు మేనేజరు. అందరూ నవ్వారు, నేనూ.

జూలై 3

అన్నయ్యకి ఉంది.

డాక్టరు కాగితం తిప్పి మాకు చూపించాడు. అన్నయ్య దాన్ని చదవలేదు. "కత్తెర ఎన్నాళ్లు పట్టుకోగలనండీ?" అని అడిగాడు. చెప్పలేం, ఒక్కొక్కరికీ ఒక్కోలా ఉంటుంది, రెండేళ్లో మూడేళ్లో అన్నాడు డాక్టరు. "మూడేళ్లంటే చాలా కోట్లే కుట్టొచ్చు," అన్నాడు అన్నయ్య. తరవాత డాక్టరు నా వైపు తిరిగి ఏదో చెప్పాడు. గదిలో ఫ్యాను టకటకమంటోంది, దానికి నూనె వెయ్యాలి.

బయటికొచ్చాక మెట్ల మీద ఇద్దరం కూచున్నాం. ఏడవాలని ఉంది, రాలేదు. అన్నయ్య నా భుజం మీద చెయ్యేశాడు. ఆ చెయ్యి ఊరికే ఉండలేదు.

జూలై 4

ఏమీ మారలేదు. నాకు పావే.

జూలై 5

పావే.

జూలై 9

మాస్టారికి రాశాను. గౌరవనీయులైన మాస్టారికి, ప్రతి ఎగరవేతా స్వతంత్రం, ఒకదాని ఫలితం ఇంకొకదాన్ని ముట్టుకోదు, దయచేసి పాఠం మొదటి పేజీ మరోసారి చూడగలరు. చివరి వాక్యం పొగరుగా ఉందని తెలుసు. కొట్టెయ్యలేదు.

పాప స్కూలు నుంచి వచ్చి, "అమ్మా, గ్లాసు మళ్లీ పగిలిందా?" అంది. తడిచేత్తో పట్టుకుంటే గాజు జారక ఏం చేస్తుంది? పదకొండేళ్ల పిల్లకి ‘మళ్లీ’ అనే మాట ఎందుకు?

జూలై 16

మాస్టారు వదిలే రకం కాదు. "అమ్మా, కాగితం మీద నమ్మకం కుదరనప్పుడు చేత్తో చేసి చూడాలి. ఒక నాణేనికి బొరుసువైపు బొమ్మ గీసిన కాగితం అంటించండి. ఇంకోదాన్ని ఉన్నదున్నట్టు ఉంచండి. సంచిలో వేసి, ఒకటి తీసి రెండుసార్లు ఎగరెయ్యండి. మొదట బొమ్మ పడ్డవే లెక్కపెట్టండి. ఆదివారం మధ్యాహ్నం ఒక్కటి చాలు." ఈయన దగ్గర చదువుకున్న పిల్లలు ఏమైపోయారో పాపం.

జూలై 19, ఆదివారం

చేశాం. పాప సాక్సు సంచీ అయింది. మొదట నేనే ఎగరేశాను, నాణెం రెండుసార్లు మంచం కిందికి పోయింది. "నువ్వు రాయమ్మా, నేను ఎగరేస్తా," అంది పాప. సరే, నాది గీతలు గీసే పని అయింది.

నూట ఇరవైసార్లు సంచిలో చెయ్యి పెట్టింది. వాటిలో మొదటి ఎగరవేతకి బొమ్మ పడింది తొంభై రెండుసార్లు. ఆ తొంభై రెండులో రెండోసారీ బొమ్మ పడింది డెబ్బై ఏడు. నా ముప్పావు నిజమైతే అరవై తొమ్మిది దగ్గర ఆగాలి. ఆరింట అయిదు అయితే డెబ్బై ఆరో డెబ్బై ఏడో రావాలి.

"అయితే మాస్టారిదే కరెక్టా?" అంది పాప. దాని కళ్లు మెరుస్తున్నాయి, అమ్మ ఓడిపోతే పిల్లలకి అదో పండగ.

"కాగితం బరువుకి నాణెం ఒకవైపే పడుతోందేమో," అన్నాను.

"రెండువైపులా బొమ్మే కదమ్మా. ఎటు పడితే ఏంటి?"

లేచి టీ పెట్టుకున్నాను.

జూలై 22

సరే. రాస్తాను.

ఈ జబ్బు అన్నయ్యకి ఆకాశం నుంచి ఊడిపడలేదు. అన్నయ్యకి ఉందంటే అది నాన్న నుంచే రావాలి. అంటే నాన్నకి ఉన్నట్టే. నాన్నకి ఉంటే నాకు పావు కాదు, సగం. డాక్టరు ఆ రోజు చెప్పింది ఇదే. "మీ అన్నగారికి ఉందని తేలింది కాబట్టి ఇక మీకు సగం సగం అమ్మా," అన్నాడు. ఫ్యాను చప్పుడు అంత పెద్దదేం కాదు. నేను విన్నాను.

ఎవరి నాణెం వాళ్లదని అమ్మకి పాఠం చెప్పిన జవాబులమ్మకి, ఇద్దరం ఒక్క సంచిలోంచే వచ్చామన్న సంగతి తట్టలేదు. తట్టలేదా, తట్టనివ్వలేదా?

ఇంకోటి కూడా రాస్తాను, ఇది మనుషుల ముందు అనగలిగే మాట కాదు. అన్నయ్య ఆ పరీక్షకి వెళ్లకుండా ఉంటే నాకింకా పావే ఉండేది. వాడి కాగితం నా పావుని సగం చేసింది. నాకు వాడి మీద జాలి కన్నా కోపమే ఎక్కువగా ఉంది. ఇరవై రోజులుగా దుకాణం వైపు వెళ్లలేదు. పని ఎక్కువగా ఉందని ఫోన్లో చెప్పాను.

జూలై 26

వెళ్లాను. వెళ్లకుండా ఉండాల్సింది. లేదు, వెళ్లాల్సిందే.

దుకాణంలో అన్నయ్య ఒక్కడే ఉన్నాడు. కత్తిరించే పని ఇంకో మాస్టరుకి పంపేస్తున్నాడట, తను కాజాలు చూసుకుంటున్నాడట. కాజాలు కూడా సరిగా రావడం లేదని దారాలు చూస్తేనే తెలుస్తోంది. ఏం మాట్లాడాలో తెలియక, ఏది మాట్లాడకూడదో అదే మాట్లాడాను.

"నీ రిపోర్టు నా ముందు ఎందుకు విప్పించావు? చూడకుండా ఉంటే నేను హాయిగా ఉండేదాన్నిగా. నీవల్ల నాకు పావు కాస్తా సగం అయి కూచుంది."

అన్నయ్య నన్ను తిట్టలేదు. లేచి బీరువా కింది అరలోంచి ఒక చొక్కా తీసి బల్ల మీద పరిచాడు. గళ్ల చొక్కా, కాలరు అరిగింది. నాన్నదట.

"ముందు బొత్తాలు విప్పు," అన్నాడు.

విప్పబోయాను. రాలేదు. బొత్తాలు కాజాల్లోంచి దూరలేదు, కాజాల మీదే కుట్టేసి ఉన్నాయి. ఊరికే చూపుకి. రెండు అంచులూ పట్టుకుని లాగాను, టపటపమని ఊడాయి. లోపలివైపు ప్రెస్ బటన్లు. వేళ్లు సరిగ్గా పనిచెయ్యని మనిషి, అరచేత్తో నొక్కితే చాలు, మూసుకుంటాయి. పైనుంచి చూసేవాళ్లకి మామూలు చొక్కా.

"అమ్మ కుట్టు," అన్నాడు. "కొత్తగా పని నేర్చుకునే రోజుల్లో, పదిహేడేళ్లప్పుడు, కొలతకి ఓ పాత చొక్కా కావాలని ఇది తీశాను. ఆ రోజే తెలిసింది. నాన్నకి అప్పటికే మొదలైంది పొట్టీ. నిచ్చెన ఊరికే జారలేదు. నా రిపోర్టు వల్ల నీకు మారిందేం లేదు. నీకెప్పుడూ సగమే. నీకు తెలీదంతే."

ఇరవై ఆరేళ్లు. వీడికి సంబంధాలు తెచ్చినప్పుడల్లా "కొలతలు కుదరలేదు" అని జోకులేసేవాడు. మేం నవ్వేవాళ్లం. టైలరు జోకు కదా అని.

"మరి నా పెళ్లికి ఎందుకు చెప్పలేదు? పాప పుట్టకముందు ఎందుకు చెప్పలేదు?" నా గొంతు వీధిలోకి వినబడి ఉంటుంది.

"చెబుదామనే రెండుసార్లు వచ్చాను. నీ మొహం చూసి చెప్పలేకపోయాను. పాప పుట్టాక ఇంకేం చెప్పను? చెప్పి ఎవరికి ఏం చెయ్యగలను?"

"అంత తెలిసినవాడివి, ఆ రోజు నాణెం ఎందుకు ఎగరేశావు?"

"నీకు పడకూడదని," అన్నాడు. "బల్ల కింద రెండుసార్లూ బొమ్మే పడింది. చెయ్యి జారిందని అబద్ధం చెప్పలేదులే, నిజంగానే జారింది. కానీ బొరుసు పడుంటే లెక్కలోకి వచ్చిందనేవాణ్ణి."

వాణ్ణి కొట్టాలనిపించింది. పట్టుకుని ఏడవాలనిపించింది. రెండూ చెయ్యలేదు. చొక్కా టపటపా మూసేసి, మడతపెట్టి, ఇంటికొచ్చేశాను.

జూలై 27

అమ్మ బియ్యం ఏరుతోంది. ఎదురుగా కూచుని, "నాన్న చొక్కా చూశాను," అన్నాను.

చేట పక్కన పెట్టింది. "బొత్తాలు పెట్టుకోలేక పొద్దున్నే ఏడ్చేవాడే. మామగారిని చూసినదాన్ని, నాకు తెలీదా? పనిలో నలుగురూ నవ్వుతారని అలా కుట్టాను. ఆ రోజు కూడా నిచ్చెన ఎక్కద్దన్నాను." పైట చెంగుతో చేతులు తుడుచుకుని, "ఆ చొక్కా చూసి ఎవరూ కనిపెట్టలేదు," అంది. ఆ గొంతులో కొంచెం గర్వం ఉంది. మళ్లీ చేట తీసుకుంది.

అమ్మకి తెలుసు, అన్నయ్యకి తెలుసు. ఇంట్లో లెక్కలొచ్చినదాన్ని నేనొక్కదాన్నే, నాకే తెలియదు. దేవుడు ఒకళ్లని వదిలేస్తాడన్న సిద్ధాంతం ఎందుకు కట్టుకుందో ఇప్పుడర్థమైంది. ముప్పై నాలుగేళ్లు నిలబడాలంటే ఏదో ఒక గోడ కావాలి.

జూలై 31

మాస్టారికి: "మీరు చెప్పిందే ఒప్పు. ఆరింట అయిదు. కొత్త ముద్రణలో దిద్దాను. క్షమించండి. అయితే, చేతిలో ఉన్నది ఏ నాణెమో ముందే తెలిసినప్పుడు నా మాట కూడా నిజమే. అప్పుడు మొదటి ఎగరవేతకీ రెండోదానికీ నిజంగానే ఏ సంబంధమూ ఉండదు."

అంతే. నాన్న సంగతి తెలిసిపోయింది. ఇక అన్నయ్యకి పడ్డదానికీ నాకు పడబోయేదానికీ సంబంధం లేదు. స్వతంత్రం కావాలని నెలరోజులు కొట్లాడానుగా, దొరికింది. సగం.

పాపకి పావు. ఇంతకుముందు నాది అనుకున్న పావు, ఇప్పుడు దానిది.

ఆగస్టు 6

పరీక్షకి ఇవాళ రమ్మన్నారు. ఆఫీసులో పని ఉందని వాయిదా వేశాను. సగం అంటే సగం బాగున్నట్టే కదా. తెలుసుకుంటే ఆ సగం కూడా ఉండదేమో.

పద్నాలుగో లెక్క దిద్దిన పేజీ కంపోజింగ్ నుంచి వెనక్కి వచ్చింది. నా అయిదు వాళ్లకి మూడులా కనిపించిందట, ఆరింట మూడు అని వేశారు. "జవాబులు దిద్దే మనిషిని మార్చారా?" అని అడిగారట. పెన్ను మూడోసారి మార్చాను.

ఆగస్టు 10

టీ ఒలికింది. కప్పు చెవి వదులుగా ఉంది.

ఆగస్టు 14

అన్నయ్య రమ్మన్నాడు. "చేతిలో కత్తెర ఉండగానే నీకో చలికోటు కుట్టి పెడతాను. అందరికీ కుట్టాను, నీకే కుట్టలేదు," అన్నాడు. కోపం ఎక్కడికి పోయిందో, వెళ్లాను. పొద్దున పది గంటలు, దుకాణం నిండా ఎండ.

తన ఒక్కడి చేతి మీద నమ్మకం లేదని, టేపు ఒక కొస నన్ను పట్టుకోమన్నాడు. భుజం దగ్గర వాడు, మణికట్టు దగ్గర నేను. మొదటిసారి ఇరవై రెండు వచ్చింది. రెండోసారి ఇరవై రెండున్నర. టేపు మా ఇద్దరి మధ్యా వణుకుతోంది.

"కదపకే," అన్నాడు.

"నేను కదపడం లేదు. నీ చెయ్యే."

"నాదేలే. నాది కాక ఎవరిది?" అని నవ్వాడు. మళ్లీ కొలిచాడు. ఇరవై ఒకటిన్నర.

"టేపు సాగిపోయిందేమో, పాతది," అన్నాను.

"చూద్దాం, ఉండు." టేపు మొదటి కొస బల్ల మీద పెట్టి, దానిమీద ఇస్త్రీపెట్టె బరువుగా పెట్టాడు. గజం ఇనపస్కేలు పక్కన పడేశాడు. "ఆ కొస బిగించి పట్టుకో, స్కేలుతో పోలుద్దాం," అని ఒకడుగు వెనక్కి జరిగి, చేతులు రెండూ చంకల్లో పెట్టుకున్నాడు.

ఇస్త్రీపెట్టె కదల్లేదు. అన్నయ్య టేపుని ముట్టుకోలేదు. నేను శ్వాస కూడా ఆపి పట్టుకున్నాను. స్కేలు మీది ఇరవై రెండు దగ్గర టేపు అంకెలు ఒకచోట నిలవడం లేదు. ఇరవై రెండు, ఇరవై మూడు, మళ్లీ ఇరవై రెండు.

అన్నయ్య వచ్చి ఇస్త్రీపెట్టె పక్కకి జరిపి, టేపు కొస గబగబా తన చేతిలోకి తీసుకున్నాడు. ఇప్పుడు ఇంకా ఎక్కువ వణికింది.

"చూశావా, నాదే," అన్నాడు. "ఇందాకట్నించీ నా చెయ్యేనే."

"అవును అన్నయ్యా," అన్నాను. "నీదే."